చీటీలో లేని పేరు

నురగ మొదట ల్యాబ్ తలుపు కింద నుంచి వచ్చింది. తర్వాత పక్క సందులోంచి వచ్చింది. ఆ తర్వాత ఏ మహానుభావుడో తలుపు తీశాడు. అంతే, తెల్లగా, మెత్తగా, మోకాళ్లెత్తున, సొంత ఆఫీసన్నంత దర్జాగా కారిడార్లోకి నడిచొచ్చింది.

జనమంతా కుర్చీలెక్కేశారు. కింద ఇద్దరే మిగిలారు. ఒకతను ప్యాంటు పైకి మడుచుకుని, ఒక బూటు చేత్తో పట్టుకుని, రెండో బూటు కోసం కాలితో దేవుకుంటున్నాడు. ఒకామె ల్యాబ్‌లోని వాషింగ్ మెషీన్ ప్లగ్గు పీకేసి, విసవిసా వచ్చి అతని ఎదురుగా నిలబడింది. ఆమె జుట్టు మీద, చెవి మీద, ముక్కు చివర నురగే. ముక్కు చివరది ఆమె మాట్లాడినప్పుడల్లా ఊగుతోంది.

"నా చీపురు మీద కంప్లైంట్ రాసింది మీరేనా?"

"అవునండీ... అంటే... కంప్లైంట్ అని కాదు..."

"'చీపురు నా విలువని తినేసింది, కొంప మునిగింది' అని రాశారు. పది నిమిషాల కిందట. దాన్నేమంటారు మరి?"

"సమాచారమండీ."

వీళ్లిద్దరినీ కాసేపు నురగలో అలాగే నిలబెట్టి, అసలు వాళ్లు చేసే పనేమిటో చెప్పుకోవాలి. నురగ ఎక్కడికీ పోదు.

మనుషులు రాసే ప్రోగ్రాం మెషీన్‌కి అర్థం కాదు. దాన్ని మెషీన్ భాషలోకి మార్చే దాన్ని కంపైలర్ అంటారు. ఆ ఆఫీసులో చేసేది అదే, వాషింగ్ మెషీన్ల కోసం, మిక్సీల కోసం, లిఫ్టుల కోసం. ఆ మార్చడం ఒక్క దెబ్బతో తేలే వ్యవహారం కాదు. మధ్యలో ఇంకో రూపం ఉంటుంది, ఇటు మనిషిదీ కాదు, అటు మెషీన్‌దీ కాదు. ఆ మధ్యరూపంలో ప్రతి విలువ మెడలోనూ ఒక చీటీ వేలాడుతుంది. తనని ఎవరెవరు వాడుకుంటున్నారో ఆ చీటీలో రాసి ఉంటుంది. ఎవరికైనా ఒక విలువ కావాలంటే ముందు గుమ్మంలోంచి వచ్చి, చీటీలో పేరు రాయించుకుని తీసుకోవాలి. చీటీ ఖాళీగా ఉందంటే ఆ విలువ ఎవరికీ అక్కర్లేదని లెక్క. అలాంటి వాటన్నిటినీ చివర్లో ఒకటి వచ్చి శుభ్రంగా ఊడ్చేస్తుంది.

ఆ ఊడ్చేదాన్ని రాసింది ఈమె. దాన్నీ చీపురనే అంటారు, ఈమెనీ చీపురనే అంటారు. ఏమీ అనుకోదు, ఏ పిలుపుకైనా పలుకుతుంది.

అతని పేరు ఆఫీసులో మొహమాటం. ఎవరు పెట్టారో తెలీదు గానీ, అతికినట్టు సరిపోయింది. లిఫ్టులో బటన్ల దగ్గర ఎవరైనా నిలబడి ఉంటే, "కాస్త జరుగుతారా" అనలేక వాళ్ల అంతస్తులోనే దిగిపోయి, అక్కణ్నించి మెట్లెక్కి వచ్చే రకం.

"మీరు వాడుకున్న విలువ, నీళ్లు ఎంత ఎత్తుకి రాగానే ఆపాలీ అనేది. అవునా?" అంది చీపురు.

"అవునండీ."

"దాని చీటీలో మీ పేరు లేదు. ఎవరి పేరూ లేదు. మీరెలా తీసుకున్నారు దాన్ని?"

"నేరుగానండీ."

"నేరుగా అంటే?"

"అంటే... వెనక వైపు నుంచి."

"ముందు గుమ్మానికేమొచ్చింది?"

"ముందు నుంచి వెళ్తే చీటీ తీయాలి, పేరు రాయాలి, ఉన్న పేర్లన్నీ సర్దాలి. ఒక్క విలువ కోసం దాన్నంత ఇబ్బంది పెట్టడం దేనికని..."

కుర్చీల మీద నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె మాత్రం నవ్వలేదు. నవ్వు ఆపుకుంటోందని ముక్కు మీది నురగే చెప్పేసింది.

"అది విలువండీ. దానికి ఇబ్బందేమిటి? మీరు చెప్పకుండా వాడుకుంటే, పాపం ఎవరికీ అక్కర్లేదనుకుని పోతుంది. మీరు దాని మీద ప్రాణాలు పెట్టుకున్నారని నా చీపురుకి ఏం తెలుసు?"

సరిగ్గా అప్పుడే అతని కాలికి రెండో బూటు తగిలింది. మనసు మాత్రం జారి అదే నురగలో ఎక్కడో పడిపోయింది. దాన్ని కాలితో దేవుకుంటే దొరకదని అతనికి అప్పుడే అర్థమైంది.

*

ఆ రోజు అందరికంటే ఎక్కువ బెదిరిపోయింది మేనేజర్. మర్నాడు మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు కొనుక్కొచ్చి తన టేబుల్ కింద పెట్టుకున్నాడు. ఎవరైనా "సార్, చిన్న ప్రాబ్లం" అనగానే ముందు ఆయన కాళ్లు ఆ బూట్ల కోసం వెతుక్కునేవి.

"మొహమాటం రాసిన కోడ్‌లో ఇంకా ఎన్ని దొడ్డిదారులున్నాయో వెతికి మూయండి. ఇద్దరూ కలిసి," అన్నాడు.

వెతికారు. పదకొండు దొరికాయి. ఒక్కొక్కటీ బయటపడినప్పుడల్లా చీపురు కుర్చీ వెనక్కి వాల్చి అతని వైపు చూసేది. అతను కీబోర్డు వైపు చూసేవాడు.

"ఇదెందుకు చేశారు?"

"అప్పుడు ఆ విలువని ఇంకో ఆరుగురు వాడుకుంటున్నారండీ. మధ్యలో నేనొకణ్ని దేనికని."

"ఇదో?"

"అది... శుక్రవారం సాయంత్రం."

"శుక్రవారమైతే?"

"అందరూ ఇంటికెళ్లే టైమ్ కదా."

ఆమె అతన్ని ఒక్క నిమిషం పరీక్షగా చూసి, తలుపు దగ్గర నిలబడి లోపలికి రావాలా వద్దా అని ఆలోచించే పిల్లిని చూసినట్టు చూసి, తన లాప్‌టాప్ తెరిచింది. గంట తర్వాత అతని ముందు ఒక చిన్న ప్రోగ్రాం పెట్టింది. దాని పేరు 'ఎవరెవరు'. ఏ విలువ పేరు చెప్పినా, దాన్ని ఎవరెవరు ఎక్కడెక్కడ వాడుకుంటున్నారో టకటకా చెప్పేస్తుంది.

"నా మెషీన్ మీద ఉంటుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు దాన్ని అడగండి. ఎవరు అడిగినా అది రాసిపెట్టుకుంటుంది. మొహమాటపడకండి."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. ఎవరైనా మొహమాటపడొద్దంటే అతనికి రెట్టింపు మొహమాటం.

అతను రోజుకి నలభై సార్లు 'ఎవరెవరు' వాడేవాడు. కానీ నలభై సార్లు ఆమె మెషీన్ తలుపు తట్టడమా? మొదటి రోజే గుట్టుగా తన మెషీన్‌లోకి ఒక కాపీ తెచ్చేసుకున్నాడు. వారం తిరక్కుండా టీమ్‌లో ఉన్న ఆరుగురూ "నీ దగ్గరేదో ఉందటగా" అని వచ్చారు. కాదనడానికి మొహమాటం. అందరికీ ఇచ్చాడు. అసలు 'ఎవరెవరు' ఆమె మెషీన్‌లో ఒంటరిగా గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంది.

'ఎవరెవరు' ఒక్కటే అయితే ఫరవాలేదు. ఆమె మీటింగుకి వెళ్లగానే ఆమె చార్జర్ వాడుకునేవాడు, వచ్చేలోగా తీగ మళ్లీ అదే వంపుతో సర్దేసేవాడు. ఆమె టేబుల్ కింది సొరుగులో ఉప్పు బిస్కెట్ల పాకెట్ ఉండేది. నాలుగింటికి ఒకటి. ఒక్కటే. ఆమె పని చేసుకుంటూ ఏదో కూనిరాగం తీసేది. ఆ రాగం వింటుంటే అతనికి ఎక్కడా దొరకని బగ్గులు, అంటే కోడ్‌లో తప్పులు, వాటంతటవే దొరికేవి. దానికోసం అతను తన కుర్చీని రోజుకొక అంగుళం చొప్పున ఆమె వైపు జరిపాడు. ఇవన్నీ ఏ చీటీలోనూ లేవు.

*

పై ఆఫీసు నుంచి ఉత్తరం రావడంతో అసలు గొడవ మొదలైంది. ఎవరి పని ఎవరికీ అక్కర్లేదో తేల్చి, అలాంటి వాళ్లని ఇంకో ఊళ్లో కొత్తగా పెట్టిన ఆఫీసుకి పంపించమన్నారు. ఆ ఊరు ఎనిమిది గంటల రైలు ప్రయాణం.

తేల్చడం ఎలాగా అని మేనేజర్ మూడు రోజులు తల గోక్కుని, నాలుగో రోజు వెలిగిపోతున్న మొహంతో వచ్చాడు.

"మన చీపురు ఐడియానే మనుషులకీ వాడదాం," అన్నాడు. "అందరికీ తలా ఒక ఫారం ఇస్తాను. ఎవరెవరి పని మీద ఆధారపడుతున్నారో వాళ్ల పేర్లు, దేనికో కారణం, రెండూ రాయండి. ఎవరి పేరు ఏ ఫారంలోనూ లేదో వాళ్లు రైలెక్కుతారు. ఎంత సింపుల్."

"బాగుంది సార్," అంది చీపురు. తన చీపురు అంత పెద్దదైనందుకు ఆమెకి కాస్త గర్వంగా కూడా ఉంది, పిచ్చిది.

మొహమాటం ఫారం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె పేరు రాశాడు. పక్కనే 'దేనికి' అనే గడి ఉంది. ఆ గడి చూడగానే కలం ఆగిపోయింది. 'ఎవరెవరు' అని రాస్తే, కాపీ సంగతి బయటపడుతుంది. చార్జర్ అని రాస్తే దొంగ అంటారు. కూనిరాగం అని రాస్తే ఇంకేమన్నా ఉందా, మేనేజర్ ఆ ఫారాలన్నీ పెద్ద స్క్రీన్ మీద వేసి చదువుతాడు. పేరు చెరిపేశాడు. మళ్లీ రాశాడు. పద్నాలుగుసార్లు అయ్యేసరికి కాగితానికి అక్కడ చిల్లు పడింది. చివరికి ఆ చిల్లు పక్కన 'ఇంటర్నెట్' అని రాసి ఇచ్చేశాడు.

తను ఒక్కడు రాయకపోతే ఏమవుతుందిలే, మిగతా ఆరుగురూ రాస్తారుగా అనుకున్నాడు. ఆ ఆరుగురిలో ఎవరికీ చీపురు గుర్తు రాలేదు. చీపురు రోజూ తనంతట తను నడిచేది. తల మీద ఫ్యాను తిరుగుతుంటే ఫ్యాను పేరెవరు రాస్తారు? ఇక 'ఎవరెవరు' అంటారా, అది వాళ్లకి ఇచ్చింది మొహమాటం. ఆరుగురూ ఒకరి పేరొకరు రాసుకుని, ఆ పనికి మాత్రం మొహమాటం పేరే రాశారు.

మంగళవారం మధ్యాహ్నం చీపురు ఒక కాగితం పట్టుకుని అతని టేబుల్ దగ్గరికి వచ్చింది. ఈసారి మొహాన నురగ లేదు, కోపం కూడా లేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

"సోమవారం నుంచి కొత్త ఆఫీసుకి," అంది. "నా చీటీ ఖాళీ అట. నా చీపురే నన్ను ఊడ్చేసింది. ఒక్క మాట అడుగుతాను, చెప్పండి. 'ఎవరెవరు' మీరు వాడుతున్నారా?"

"వాడుతున్నానండీ."

"రోజుకి ఎన్నిసార్లు?"

"ఏదో... ఒక నలభై..."

"మరి నా మెషీన్‌లో ఒక్కసారి కూడా నమోదు కాలేదే?"

"కాపీ చేసుకున్నానండీ. ప్రతిసారీ అడిగితే మీకు ఇబ్బందని."

"నాకు ఇబ్బందో కాదో మీరే తేల్చేసుకున్నారన్నమాట."

అతను తల దించుకున్నాడు.

"ఉద్యోగం ఏమీ పోవట్లేదు. ఊరే మారుతోంది. మిగతావాళ్లు రాయలేదంటే నాకు బాధ లేదు, వాళ్లకి తెలీదు," అంది. "కానీ మీరు కూడా రాయలేదు."

తిరిగి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం కూనిరాగం వినిపించలేదు. మొహమాటం ఎదురుగా ఒక చిన్న బగ్గు కాలు మీద కాలేసుకుని కూర్చుంది. అతనికి కనిపించలేదు.

*

మొహమాటం అక్కా బావల దగ్గర ఉంటాడు. అక్క పళ్ల డాక్టరు. ఇంటి కింది గదిలోనే క్లినిక్. సాయంత్రం చివరి పేషెంటు వెళ్లాక షట్టర్ దించడానికి తమ్ముడు వస్తాడు. ఆ రోజు వచ్చాడు గానీ షట్టర్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఏమైందిరా?"

"ఏం లేదక్కా."

"దవడలు బిగించావు. కూర్చో."

"నాకేం నొప్పి లేదు."

"కూర్చోమంటే కూర్చో."

కుర్చీ వెనక్కి వాలింది. మీద లైటు వెలిగింది. ఆమె బుగ్గ ఒక పక్క దూది కుక్కి, నోట్లో చిన్న అద్దం పెట్టింది.

"ఇప్పుడు చెప్పు."

"ఆ... ఆఆ ఊ ఆఆఆ."

"ఏ అమ్మాయి? చీపురు అంటావు, ఆ అమ్మాయా?"

"ఊఁ. ఆఆ ఏ ఆఆఏఊ."

"పేరు రాయలేదా? ఎందుకు రాయలేదు?"

"ఓ ఆ ఆఆ."

"మొహమాటమా." అద్దం తీసి ట్రేలో పడేసింది. "నీకు అయిదేళ్లప్పుడు పక్కింటివాళ్ల ఇంట్లో ఆడుకుంటూ దాహమేసింది. మంచినీళ్లు అడగడానికి మొహమాటపడి, ఎండలో ఇంటిదాకా పరిగెత్తుకొచ్చి, తాగి, మళ్లీ పరిగెత్తావు. ఆ పిన్నిగారు ఇప్పటికీ చెప్పుకుని బాధపడతారు, మా ఇంట్లో నీళ్లు ముట్టలేదేమా అని. నువ్వు ఇబ్బంది పెట్టకూడదనుకున్నావు. ఆవిడేమో నీకు తన ఇల్లు నచ్చలేదనుకుంది. తెలిసిందా?"

అతను బుగ్గలోని దూది తనే తీసి ట్రేలో పెట్టాడు.

"నా దగ్గరికొచ్చే ప్రతివాడూ ఒకటే చెప్తాడు. చిన్నగా ఉన్నప్పుడే రావాల్సింది డాక్టరుగారూ, మొహమాటపడ్డాను అని. అప్పటికి పన్ను పీకడం తప్ప నేను చేసేది ఉండదు. నీది ఇంకా అంతదాకా రాలేదు. రేపు పొద్దున్నే వెళ్లి నోరు తెరువు." చేతి గ్లౌజులు విప్పుతూ నిట్టూర్చింది. "ఊళ్లోవాళ్లందరి నోళ్లూ తెరిపిస్తాను. ఇంట్లో ఉన్న ఒక్కడి నోరూ తెరిపించలేకపోతున్నాను."

పైనుంచి బావ గొంతు వినిపించింది. "రోజూ నా నోరు మూయిస్తావుగా, దానికీ దీనికీ సరిపోయింది."

*

బుధవారం పొద్దున అతను మేనేజర్ గది ముందు నిలబడ్డాడు. తలుపు తట్టాడు. మేనేజర్ కాళ్లు అలవాటుగా బూట్లలోకి దూరాయి.

"సార్, ఆమె చీటీ ఖాళీ కాదు సార్. తప్పు నాది."

జరిగిందంతా చెప్పాడు. ఎక్కడా ఆగకుండా చెప్పాడు. మేనేజర్ విని, గడ్డం రుద్దుకున్నాడు.

"ఇవాళ రెండింటికి పేర్ల జాబితా పై ఆఫీసుకి పంపేస్తాను. ఈలోగా ఎవరి ఫారం వాళ్లు మార్చుకోవచ్చు. నేను మార్చకూడదు, నువ్వు ఇంకొకరిది మార్చకూడదు. వెళ్లి అడుక్కో," అని ఆ ఆరుగురివీ, అతనిదీ ఫారాలు చేతికిచ్చాడు.

అడగాలి. అదీ ఆరుగురిని. మొహమాటానికి కళ్లు తిరిగాయి. ఒక గ్లాసు నీళ్లు తాగాడు. అవి కూడా అటెండర్‌ని అడిగే తాగాడు. అడగడం అలా మొదలైంది.

మొదట టెస్టర్ దగ్గరికి వెళ్లాడు. నురగ వచ్చిన రోజు వాషింగ్ మెషీన్‌లో సబ్బు పొడి ఒక చెంచాకి బదులు ఒక డబ్బా పోసిన ఘనుడు అతనే.

"మీ ఫారంలో నా పేరుంది కదా. అది కొట్టేసి చీపురు పేరు రాస్తారా? 'ఎవరెవరు' రాసింది ఆవిడ. నేను కాపీ చేశానంతే."

"అదేంటి, నువ్వెప్పుడూ చెప్పలేదే?"

"మొహమాటం."

"ఇప్పుడు లేదా?"

"ఉంది. అయినా అడుగుతున్నాను."

టెస్టర్ కళ్లజోడు సర్దుకుని, కలం తీసి, పేరు కొట్టేశాడు. రెండోవాళ్ల దగ్గర గొంతు తక్కువ వణికింది. మూడోవాళ్ల దగ్గర చెమట ఒక్క చెంపనే పట్టింది. నాలుగో ఆమె డాక్యుమెంట్లు రాస్తుంది, ప్రతి వాక్యాన్నీ రెండుసార్లు చదివే మనిషి.

"అందరి ఫారాల్లోనూ మీ పేరు తీసేసి ఆమె పేరు పెడితే, మీ చీటీలో ఏం మిగులుతుంది?" అని అడిగింది.

"ఏమీ మిగలదండీ."

"మరి రైలు?"

"ఎవరో ఒకరు ఎక్కాలి కదండీ," అన్నాడు. ఈ సంగతి అతనికి రాత్రే తెలుసు. తెలిసే వచ్చాడు. ఆ ఊళ్లో కూనిరాగం ఉండదన్న ఒక్క ముక్క మాత్రం మింగుడు పడలేదు.

ఆమె ఇంకేమీ అడక్కుండా పేరు మార్చింది. ఒంటిగంటన్నరకల్లా ఆరు ఫారాలూ మారిపోయాయి.

ఇక మిగిలింది తన ఫారం. 'ఇంటర్నెట్' కొట్టేసి, చిల్లు పడిన చోటు పక్కన ఆమె పేరు రాశాడు. 'దేనికి' అనే గడిలో 'ఎవరెవరు, రోజుకి నలభైసార్లు' అని రాశాడు. గడి నిండిపోయింది. కాగితం వెనక్కి తిప్పాడు. 'చార్జర్, ఆమె మీటింగులో ఉన్నప్పుడు. ఉప్పు బిస్కెట్లు, నాలుగింటికి ఒకటి. కూనిరాగం, దొరికినంత. పదకొండు దొడ్డిదారులు మూసినప్పుడు ఆమె నన్ను తిట్టకుండా ఉన్నందుకు ఒక కృతజ్ఞత, అది ఇంకా చెప్పలేదు. పొద్దున ఆఫీసుకి రావాలనిపించడం.' అక్కడితో ఆపి, తేలు కుట్టిన దొంగలా మేనేజర్ టేబుల్ మీద బోర్లా పెట్టి వచ్చేశాడు.

బోర్లా పెట్టడం పొరపాటు. రాసిందంతా వెనక వైపే ఉంది.

రెండింటికి అయిదు నిమిషాలుందనగా మేనేజర్ ఇద్దరినీ పిలిచాడు. పై ఆఫీసుకి మెయిల్ సిద్ధంగా ఉంది.

"అమ్మా, నీ చీటీ నిండిపోయింది. నువ్వు ఉంటున్నావు," అన్నాడు చీపురుతో. "ఇతని చీటీ ఖాళీ. ఇతను వెళ్తున్నాడు."

"ఇతనెందుకు వెళ్తాడు?"

"ఆరుగురినీ బతిమాలి తన పేరు కొట్టించి నీ పేరు రాయించాడు. ఇక తన ఫారంలో ఏం రాశాడంటే..." మేనేజర్ దగ్గి, కాగితం ఆమె ముందుకి తోశాడు. "నాకు చదవడానికి ఇబ్బందిగా ఉందమ్మా. నువ్వే చదువుకో."

ఆమె చదివింది. ముందు వైపు చదివింది, వెనక వైపు చదివింది. మొహమాటం గోడ మీద క్యాలెండరు చూస్తున్నాడు. అది పోయిన నెలది. అయినా ఎంతో శ్రద్ధగా చూస్తున్నాడు.

"సార్, నా ఫారం ఇటివ్వండి," అంది చీపురు.

"ఇంకా నాలుగు నిమిషాలే ఉంది."

"ఒక్కటి చాలు."

కలం తీసుకుని అతని పేరు రాసింది. "శుక్రవారమే రాశాను," అంది, అతని వైపు చూడకుండా. "మీ చీటీ నిండా పేర్లుంటాయి, నాదెందుకులే అని చెరిపేశాను. అది ఒట్టి సాకు. నాక్కూడా మొహమాటమే."

"'దేనికి' అన్న గడి నింపాలమ్మా," అన్నాడు మేనేజర్. "ఊరికే పేరు రాస్తే పై ఆఫీసువాళ్లు ఒప్పుకోరు."

ఆమె కలం గడి మీద పెట్టి ఆలోచించింది. గోడ గడియారం టిక్కుటిక్కుమంది. ఆమె గబగబా ఏదో రాసి కాగితం మేనేజర్ చేతిలో పెట్టింది.

మేనేజర్ పైకి చదివాడు. "ఇతన్ని తీసేస్తే నురగొస్తుంది."

మేనేజర్ టేబుల్ కిందికి వంగి తన రబ్బరు బూట్లు చూసుకున్నాడు. పైకి లేచి, మరో మాట లేకుండా మెయిల్‌లోంచి అతని పేరు కొట్టేశాడు.

"రైలెవరూ ఎక్కక్కర్లేదు," అన్నాడు. "ఇద్దరూ బయటికి నడవండి. తలుపు మెల్లగా వేయండి."

*

నాలుగింటికి చీపురు తన కింది సొరుగు లాగింది. ఉప్పు బిస్కెట్ల పాకెట్ తీసి టేబుల్ మీద పెట్టింది. దాని అడుగున ఒక చీటీ ఉంది. ఆమె దాన్ని విప్పి అతని ముందు పరిచింది. వరసగా తేదీలు, తేదీకొక గీత, పైన ఒకటే పేరు. నలభై ఒక్క గీతలు.

మొహమాటం తెల్లబోయాడు. "మీకు తెలుసా?"

"నాకు ఉప్పు బిస్కెట్లు పడవు," అంది. "మరి ఎవరికోసం కొంటున్నాననుకున్నారు?"

"మరి ఎప్పుడూ ఏమీ అనలేదే?"

"ఒక్కరోజైనా అడిగి తీసుకుంటారేమోనని చూస్తున్నాను. చార్జర్ కూడా. తీగ అంత నీటుగా నేనెప్పుడూ చుట్టను."

అతను కాసేపు ఆ గీతల వైపు చూశాడు. తన కుర్చీ ఎక్కడుందో చూశాడు. రోజుకొక అంగుళం చొప్పున అది ఆమె టేబుల్‌ని ఎప్పుడో తాకేసింది. ఇంక జరపడానికి చోటు లేదు. నోరు తెరిచాడు.

"ఒక బిస్కెట్ తీసుకోనా అండీ?"

"తీసుకోండి."

తీసుకున్నాడు. తినలేదు, చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"ఇంకేమైనా అడగాలా?" అంది ఆమె. కలం అప్పటికే చేతిలో ఉంది.

"అడగాలి."

"మెల్లగా అడగండి. నాకేం ఇబ్బంది లేదు."

"మీరంటే నాకు ఇష్టం. నురగ రోజు నుంచి. నేను... రోజూ ఇలా మీ పక్కనే... ఆఫీసులోనే అని కాదు... ఇంట్లో కూడా..." ఊపిరి పీల్చుకున్నాడు. "నన్ను పెళ్లి చేసుకుంటారా?"

కుర్చీల మీద ఆరుగురూ పని మానేసి ఎప్పుడు వాళ్ల వైపు తిరిగారో తెలీదు. చీపురు చెవులు ఎర్రబడ్డాయి. ఆమె తల వంచి, చీటీలో నలభై రెండో గీత గీసింది. దాని కింద కొత్త వరస మొదలుపెట్టి, శుభ్రమైన అక్షరాలతో 'చేసుకుంటాను' అని రాసి, తేదీ వేసింది.

"ముందు గుమ్మంలోంచి వచ్చారు కాబట్టి," అంది. "వెనక నుంచి వచ్చుంటే ఊడ్చేసేదాన్ని."

అప్పుడే అతని ఫోన్ మోగింది. అక్క.

"ఏరా, నోరు తెరిచావా?"

అతను ఎట్టకేలకు బిస్కెట్ కొరికాడు కాబట్టి జవాబు "ఆఆ ఊఊ ఆఆఆ" అని వచ్చింది.

"ఒప్పుకుందా," అంది అక్క. గొంతు సవరించుకుని అంది, "ఆదివారం భోజనానికి తీసుకురా. ఆ పిల్లకి ఏం ఇష్టమో అడిగి మరీ చెప్పు."

మొహమాటం ఫోన్ పక్కన పెట్టి, ఆమె వైపు తిరిగి, అడిగాడు.